ఫో గిన్నెలో సాసులు ముందే పోసుకోవాలా, సూపు రుచి చూశాక పోసుకోవాలా?

నీలిమేఘం

మా ఇంటికి దగ్గరలో ఒక వియత్నామీస్ రెస్టారెంటు ఉంది. వారాంతాల్లో మిత్రులందరం అక్కడ కలుసుకుంటాం. అక్కడి ముఖ్య వంటకం ఫో, అంటే బియ్యపు నూడుల్స్ వేసిన వేడి సూపు. నేను బీఫ్ తినను కాబట్టి ఎప్పుడూ చికెన్ ఫో చెబుతాను. గిన్నెతో పాటు ఒక పళ్లెంలో పెసర మొలకలు, థాయ్ తులసి రెమ్మలు, నిమ్మ ముక్కలు, పచ్చిమిర్చి ముక్కలు వస్తాయి. చేపల సాస్, నల్లగా చిక్కగా ఉండే హోయ్‌సిన్ సాస్, ఎర్రటి మిరప సాస్ సీసాలు బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి. గిన్నె వచ్చీ రాగానే మా వాళ్లు ఒక్క చెంచా సూపైనా నోట్లో పోసుకోకుండా ఆ సీసాలన్నీ అందులోకి వంచేస్తారు. అడుగు కనిపించేంత తేటగా ఉన్న సూపు క్షణంలో మడ్డిగా మారిపోతుంది. అంతసేపు పొయ్యి దగ్గర నిలబడి వండినవారి పనితనం మొత్తం సాసుల పాలవుతోందని నాకు మనసు చివుక్కుమంటుంది. వారేమో, సీసాలు పెట్టిందే పోసుకోవడానికి కదా అంటారు. ఇందులో సరైన పద్ధతి ఏమిటో తెలిసినవారు చెప్పగలరు. మరో సందేహం కూడా ఉంది. మెనూలో ఫో కాక ఇంకా చాలా సూపులు కనిపిస్తున్నాయి. వాటిలో బీఫ్ లేనివి ఏవి, దేనితో మొదలుపెడితే బాగుంటుంది?

పాకశాల_73

మీ బాధ న్యాయమైనదే. ఫో సూపు తేటగా రావడం వెనక ఎంత పని ఉందో తెలిస్తే మీ మిత్రులు కూడా ఒక్క నిమిషం ఆగుతారు. ఎముకలను ముందుగా మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, పైకి తేలిన నురుగుతో సహా ఆ నీళ్లను పారబోసి, ఎముకలను చన్నీళ్లలో శుభ్రంగా కడుగుతారు. అప్పుడు కొత్త నీళ్లు పోసి, సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచుతారు. ఉల్లిపాయలను, అల్లాన్ని నేరుగా మంట మీద పైపొర నల్లబడేదాకా కాల్చి, మాడిన భాగాన్ని గీకేసి అందులో వేస్తారు. ఫోలో మనకు తగిలే ఆ కొద్దిపాటి తీపి, సన్నని కమురు వాసన చాలావరకు వాటి నుంచే వస్తాయి. అనాస పువ్వు, దాల్చిన చెక్క, లవంగాలు, నల్ల ఏలకులు, ధనియాలు నూనె లేకుండా వేయించి, గుడ్డలో మూట కట్టి సూపులోకి దించుతారు. వాసన చాలనిపించగానే ఆ మూటను పైకి తీసేస్తారు, ఎందుకంటే అనాస పువ్వు ఎక్కువసేపు ఉంటే మిగిలిన వాటిని మింగేస్తుంది. చేపల సాస్‌తో, పటికబెల్లంతో చివర్లో రుచి సరిచేస్తారు.

తేటదనానికి కీలకం సెగ. సూపు తెర్లి పొంగేలా మరిగితే పైనున్న కొవ్వు నీళ్లలో కలిసిపోయి తెల్లబడుతుంది. అడుగు నుంచి అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేస్తూ ఉండాలి, పైకి వచ్చిన తెట్టును ఎప్పటికప్పుడు తీసేస్తూ ఉండాలి. ఇంత చేసి గిన్నెలో పోసిన దానికి మొదటి చెంచా దక్కాలన్నది నా గట్టి అభిప్రాయం.

మిరియాలపొడి

తినేవారి గిన్నెలో ఏం కలపాలన్నది తినేవారి ఇష్టం. డబ్బు ఇచ్చి కొనుక్కున్న భోజనానికి పరీక్ష రాయవలసిన పని లేదు. నేను హోయ్‌సిన్, మిరప సాస్ రెండూ గిన్నెలోనే కలుపుతాను, నాకు ఆ తీపికారమే ఇష్టం.

వానాకాలం

మిరియాలపొడి గారి వైపే నేనూ ఉన్నాను, అయితే నా కారణం వేరు. ఫో అంటే తేట సూపు మాత్రమే, సాసులు కలిపితే తప్పు అనే మాట ఉత్తరాది వియత్నాం పద్ధతికి వర్తిస్తుంది. దక్షిణాదిన, అంటే సైగాన్‌లో (ఇప్పటి హో చి మిన్ సిటీ), ఆకుల పళ్లెం, సాస్ సీసాలు ఫోలో భాగమే. నీలిమేఘం గారి మిత్రులు చేస్తున్నది అక్కడి అలవాటుకు మరీ దూరమైనదేమీ కాదు.

హనోయ్_రోజులు

ఉద్యోగరీత్యా హనోయ్‌లో ఉండి వచ్చాను కనుక ఆ తేడా గురించి వివరంగా చెబుతాను. ఫో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఉత్తరాదిన, హనోయ్, నామ్ దిన్ ప్రాంతాల్లో రూపు దిద్దుకుంది. నామ్ దిన్ దగ్గరి వాన్ కూ అనే ఊరి నుంచి తరతరాలుగా ఫో వండేవారు హనోయ్‌కి వచ్చి స్థిరపడ్డారు. అప్పటికి ఫ్రెంచి పాలన నడుస్తోంది. ఫ్రెంచివారి బీఫ్ వాడకం వల్ల ఎముకలు, మిగులు ముక్కలు చవకగా దొరికాయి. వీధుల్లో కావిడి మోసుకుంటూ అమ్మిన వంటకం క్రమంగా దుకాణాలకు చేరింది.

హనోయ్‌లో నేను రోజూ తిన్న ఫోలో పెసర మొలకలు లేవు, తులసి లేదు, హోయ్‌సిన్ లేదు. గిన్నెలో వెడల్పాటి బియ్యపు నూడుల్స్, మాంసం, గుప్పెడు ఉల్లికాడలు, కొంచెం కొత్తిమీర, పైనుంచి సూపు. బల్ల మీద వెల్లుల్లి నానబెట్టిన వెనిగర్, మిరప సాస్, నిమ్మ ముక్కలు ఉండేవి. పక్కన క్వాయ్ అనే నూనెలో వేయించిన పొడవాటి పిండి కడ్డీలు ఇచ్చేవారు, వాటిని సూపులో ముంచుకుని తింటారు. ఎక్కువ మంది దాన్ని ఉదయం పూట ఫలహారంగానే తింటారు. మంచి దుకాణాల్లో పొద్దెక్కేసరికి సూపు అయిపోయి తలుపులు మూసేస్తారు. గిన్నె కూడా విదేశాల్లో ఇచ్చేంత పెద్దది కాదు.

నేను రోజూ వెళ్లే దుకాణంలో నన్ను నిలబెట్టేసింది వండే ఆవిడ చేతివాటం. పొడవాటి పిడి ఉన్న జల్లిగంటెలో ఒక గిన్నెకు సరిపడా నూడుల్స్ వేసి, మరిగే నీళ్లలో ముంచి, కొద్ది క్షణాల్లో పైకి తీసి, రెండు మూడు సార్లు గట్టిగా విదిలించేది. నీరు మొత్తం ఊడిపోవాలి, లేకపోతే సూపు పలచబడుతుంది. పచ్చి మాంసాన్ని కత్తి బల్లపరుపుతో చితక్కొట్టి, ఒత్తి, నూడుల్స్ మీద పరిచి, దాని మీద మరుగుతున్న సూపు పోసేది. మాంసం గులాబీ రంగు నుంచి బూడిద రంగుకు మారుతూ ఉండగానే గిన్నె మన ముందు ఉండేది.

వానాకాలం

హనోయ్_రోజులు గారు చెప్పిన దానికి కొనసాగింపు నేను చెబుతాను. 1954లో జెనీవా ఒప్పందాలతో దేశం రెండుగా విడిపోయినప్పుడు లక్షలాది మంది ఉత్తరాది నుంచి దక్షిణాదికి వెళ్లారు. వారితో పాటు ఫో సైగాన్‌లో విస్తరించింది. దక్షిణాదిన ఆకుకూరలు, మొలకలు సమృద్ధిగా దొరుకుతాయి, అక్కడివారికి తీపి ఎక్కువ ఇష్టం, అందువల్ల సూపులో తీపి పెరిగింది, పక్కన పళ్లెం చేరింది, హోయ్‌సిన్ వచ్చింది. 1975లో యుద్ధం ముగిశాక దేశం విడిచి వెళ్లినవారిలో అత్యధికులు దక్షిణాదివారు. కాలిఫోర్నియాలోని లిటిల్ సైగాన్‌లో గానీ, సిడ్నీలోని కబ్రమట్టాలో గానీ వారు తెరిచిన హోటళ్లలో కనిపించేది ఆ సైగాన్ పద్ధతే. మనలో చాలామందికి తెలిసిన ఫో అదే. దానిని అసలైనది కాదనడం ఆ ప్రజల ప్రయాణాన్ని కాదనడమే అవుతుంది.

నీలిమేఘం

ఇంత చరిత్ర ఉందని నాకు తెలియదు, చాలా సంతోషంగా ఉంది. అయినా ఒక్క సందేహం మిగిలింది. సైగాన్‌లో కూడా గిన్నె రాగానే అన్నీ పోసేస్తారా?

సైగాన్_సాయంత్రం

కొందరు పోస్తారు. నేను చూసినంతలో ఎక్కువ మంది ముందు సూపు తాగి చూస్తారు. తరువాత తులసి, రంపపు అంచులుండే పొడుగు ఆకు కొత్తిమీర చేత్తో తుంచి వేస్తారు, నిమ్మ పిండుతారు, అవసరమనిపిస్తే చేపల సాస్ నాలుగు చుక్కలు వేస్తారు. హోయ్‌సిన్, మిరప సాస్ రెండింటినీ ఒక చిన్న సాసర్‌లో పక్కపక్కనే పోసుకుని, మాంసం ముక్కను చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని అందులో అద్దుకుని తింటారు. దీనివల్ల సూపు తేటగానే మిగులుతుంది, తీపికారం కూడా దక్కుతుంది. మిరియాలపొడి గారు ఒకసారి ఇలా ప్రయత్నించి చూడాలని నా మనవి.

కుడిచేత చాప్‌స్టిక్స్, ఎడమచేత చెంచా పట్టుకుంటే పని సులువవుతుంది. కొద్దిగా నూడుల్స్ చెంచాలోకి తీసుకుని, ఒక ఆకు పెట్టి, సూపులో ముంచి ఒకేసారి తినవచ్చు.

పాకశాల_73

సాసర్ పద్ధతి చాలా మంచిది. పెసర మొలకల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పచ్చి మొలకలను గుప్పెళ్లతో వేస్తే సూపు ఒక్కసారిగా చల్లబడుతుంది. మరిగే నీళ్లలో ముంచి తీసిన మొలకలు ఇమ్మని అడిగితే చాలా హోటళ్లలో ఇస్తారు. కరకరలాడడం కొంత తగ్గుతుంది గానీ పచ్చి వాసన పోతుంది, సూపు వేడి నిలుస్తుంది.

తులసికోట

నేను పూర్తి శాకాహారిని. సహోద్యోగులతో ఇలాంటి చోటికి వెళ్లవలసి వచ్చినప్పుడల్లా కూరగాయల ఫో చెబుతాను, కానీ సూపు దేనితో చేశారో అని లోపల శంకగా ఉంటుంది. అడిగితే మాంసం వేయలేదంటారు, సూపు సంగతి మాత్రం చెప్పరు.

సైగాన్_సాయంత్రం

మీ శంకకు ఆధారం ఉంది. కొన్ని చోట్ల కూరగాయల ఫో అంటే మామూలు ఎముకల సూపులో మాంసం బదులు కూరగాయలు వేసి ఇస్తారు. మాంసం లేదా అని కాకుండా, సూపు దేనితో కాచారు, అందులో చేపల సాస్ ఉందా అని విడివిడిగా అడగండి. మెనూలో పేరు పక్కన చాయ్ అని ఉంటే అది బౌద్ధుల శాకాహార పద్ధతిలో వండినదని అర్థం. వియత్నాంలో చాలామంది బౌద్ధులు చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనో రోజున మాంసం మానేస్తారు, కాబట్టి ఆ వంట వారికి కొత్త కాదు, ఎంతో నైపుణ్యంతో చేస్తారు. ముల్లంగి, క్యారెట్, మొక్కజొన్న కంకులు, ఎండు పుట్టగొడుగులు వేసి కాచిన సూపుకు కాల్చిన అల్లం, అనాస పువ్వు తోడైతే ఏమీ లోటనిపించదు. చేపల సాస్ బదులు సోయా సాస్ వాడతారు.

తులసికోట

ఇది నాకు ఎంతో ఉపయోగపడే సమాధానం. వచ్చేసారి ఈ రెండు ప్రశ్నలూ అడుగుతాను.

చుక్కలముగ్గు

తులసికోట గారు అడిగిన ప్రశ్న చికెన్ ఫో తినేవారికి కూడా వర్తిస్తుంది. నీలిమేఘం గారు గమనించాలి. కొన్ని హోటళ్లలో సూపు ఒక్కటే కాచి, అదే బీఫ్ సూపును చికెన్ ఫోలో కూడా పోస్తారు. నేను బీఫ్ తిననని ముందే చెప్పి, కోడి సూపు వేరుగా కాస్తారా అని అడిగాకే ఒక చోట కూర్చోవడం మొదలుపెట్టాను. కోడి ఫో సూపు రంగులో లేతగా, పసుపు ఛాయతో ఉంటుంది, పైన చిన్న చిన్న బంగారు చుక్కల్లా నూనె తేలుతుంది. మసాలా వాసన తక్కువ, అల్లం వాసన ఎక్కువ. ఉత్తరాది పద్ధతిలో దాని మీద సన్నగా దారాల్లా తరిగిన నిమ్మాకులు కూడా చల్లుతారు.

నీలిమేఘం

ఈ విషయం నా మనసుకు తట్టనే లేదు. ఇకపై తప్పకుండా అడుగుతాను. మిగిలిన సూపుల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

ఎర్రమందారం

కారం ఇష్టపడేవారెవరైనా హుయే నగరం పేరుతో ఉన్న బున్ బో హుయే అనే నూడుల్స్ సూపు తినాలి. హుయే నగరం 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజవంశానికి రాజధాని. నూడుల్స్ గుండ్రంగా, ఫో నూడుల్స్ కంటే లావుగా ఉంటాయి. నిమ్మగడ్డి కాడలు చితక్కొట్టి వేస్తారు, పులియబెట్టిన రొయ్యల ముద్ద కలుపుతారు, జాఫ్రా గింజలు వేయించిన ఎర్రటి నూనె పైన తేలుతుంది. ఫో మృదువుగా మాట్లాడితే ఇది గొంతెత్తి మాట్లాడుతుంది.

చుక్కలముగ్గు

కానీ అందులో బీఫ్, పంది మాంసం రెండూ ఉంటాయి. ఎర్రమందారం గారు ఆ మాట కూడా చెప్పి ఉంటే బాగుండేది, ఎందుకంటే ప్రశ్న అడిగినవారు బీఫ్ తిననని మొదటే రాశారు. కొన్నిచోట్ల గడ్డకట్టిన పంది రక్తం ముక్కలు కూడా వేస్తారు. అది అక్కరలేనివారు ముందే చెప్పవచ్చు.

ఎర్రమందారం

నిజమే, ఆ సమాచారం అవసరమైనదే. అయితే నీలిమేఘం గారికి నా సలహా హు తియు నామ్ వాంగ్ అనే నూడుల్స్ సూపు. నామ్ వాంగ్ అన్నది కంబోడియా రాజధాని ప్నోమ్ పెన్‌కు వియత్నామీయులు వాడే పేరు. చైనా నుంచి వచ్చిన తెయోచ్యూ ప్రజల వంట, కంబోడియా మీదుగా దక్షిణ వియత్నాంలోని మెకాంగ్ డెల్టాకు చేరి ఈ రూపం తీసుకుంది. పంది ఎముకల సూపులో ఎండు స్క్విడ్, ఎండు రొయ్యలు వేయడం వల్ల వచ్చే తీపి వేరే దేనిలోనూ ఉండదు. పైన రొయ్యలు, పంది మాంసం పలుచని ముక్కలు, కైమా, కౌజు పిట్ట గుడ్లు, వేయించిన వెల్లుల్లి ఉంటాయి. నూడుల్స్ సన్నగా, సాగుతూ ఉంటాయి. పొడిగా ఇమ్మని అడిగితే నూడుల్స్‌ను సాస్‌లో కలిపి ఒక గిన్నెలో, సూపును మరో చిన్న గిన్నెలో ఇస్తారు. సూపు రుచి చెడుతోందని బాధపడేవారికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

పాకశాల_73

నన్నడిగితే బున్ రియు అనే పీతల సూపు పేరు మొదట చెబుతాను. వరి పొలాల్లో దొరికే చిన్న పీతలను పెంకుతో సహా దంచి, నీళ్లలో కలిపి వడకడతారు. ఆ నీటిని సన్నని సెగ మీద కదపకుండా వేడి చేస్తే పీత మాంసం మెల్లగా పైకి తేలి, మెత్తని తెట్టెలా పేరుకుంటుంది. ఆ సమయంలో గంటె పెట్టి తిప్పితే విరిగి అడుగుకు పోతుంది, అందుకే వండేవారు చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి. టమాటాలు, టోఫు వేస్తారు. పులుపు కోసం కొన్నిచోట్ల చింతపండు, ఉత్తరాదిన పులిసిన బియ్యపు మడ్డితో చేసిన వెనిగర్ వాడతారు. విదేశాల్లో పొలం పీతలు దొరకనిచోట డబ్బాల్లో వచ్చే పీత ముద్దతో, గుడ్డు కలిపి చేస్తారు. అదీ బాగానే ఉంటుంది గానీ ఆ తేలికదనం రాదు.

మిరియాలపొడి

ఈ మధ్యాహ్నం సాసర్ పద్ధతి పాటించాను. సూపు అడుగుదాకా తేటగా ఉండడం బాగుంది. అయినా సగం గిన్నె అయ్యాక మిరప సాస్ కొంచెం సూపులో కలిపాను, అది నా రుచి. మొదటి సగం మీ పద్ధతిలో, రెండో సగం నా పద్ధతిలో తినడం నాకు నచ్చింది.

వానాకాలం

అలా తినేవారు సైగాన్‌లో కూడా ఎందరో ఉన్నారు.

వైద్యశాల_దారి

రక్తపోటు ఉన్నవారి కోసం ఒక మాట చెప్పాలి. పెద్దలు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేపల సాస్‌ను చేపలు, ఉప్పు కలిపి నెలల తరబడి ఊరబెట్టి తీస్తారు, హోయ్‌సిన్‌లో కూడా ఉప్పు బాగా ఉంటుంది. పెద్ద గిన్నె సూపును చివరి చుక్కదాకా తాగితే ఆ పరిమితిలో చాలా భాగం ఒక్క పూటలోనే అయిపోతుంది. ఎక్కువ ఆకులు, నిమ్మరసం వేసుకుంటే సాస్ అవసరం తగ్గుతుంది. గోధుమలు పడనివారు బియ్యపు నూడుల్స్ తినవచ్చు గానీ, హోయ్‌సిన్‌లో, సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుందని గుర్తుంచుకోవాలి.

పాకశాల_73

నేను సూపు వదిలేయడానికి ఒప్పుకోలేను, కానీ సాస్ తగ్గించాలన్న మాటకు పూర్తి మద్దతు ఇస్తున్నాను. వండేవారు రుచి సరిచేసే పంపుతారు. మొదటి చెంచా తాగి చూడమని నేను మొదటి నుంచీ అంటున్నది అందుకే.

చుక్కలముగ్గు

వేరుశనగలు పడనివారు ‘మీ క్వాంగ్’ అనే నూడుల్స్ వంటకం విషయంలో జాగ్రత్తగా ఉండాలి. పసుపు కలిపిన వెడల్పాటి నూడుల్స్ మీద వేయించిన వేరుశనగలు, నువ్వులద్దిన బియ్యపు అప్పడం ముక్కలు వేస్తారు. అది మధ్య వియత్నాంలోని క్వాంగ్ నామ్ వంటకం. సూపు గిన్నె అడుగున కొంచెమే ఉంటుంది. తక్కువ పోశారని అనుకోవద్దు, దాని తీరే అంత. 2024 ఆగస్టులో వియత్నాం ప్రభుత్వం హనోయ్ ఫో, నామ్ దిన్ ఫోలతో పాటు దీనిని కూడా జాతీయ అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

హనోయ్_రోజులు

ఆ గౌరవం ఫోకు ఊరికే రాలేదు. యుద్ధకాలంలో, ఆ తరువాతి రేషన్ రోజుల్లో హనోయ్ ప్రభుత్వ దుకాణాల్లో మాంసం లేని ఫో అమ్మేవారు. తలపైన తిరుగుతున్న అమెరికా మానవరహిత విమానాలను తలచుకుని జనం దాన్ని పైలట్ లేని ఫో అని పిలిచేవారు. నేను తిన్న దుకాణం ఆవిడ అత్తగారు ఆ రోజుల్లో కూడా వరుసలో నిలబడి దాన్నే తిన్నానని చెప్పేవారు. 1986లో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక సొంత దుకాణాలు మళ్లీ వచ్చాయి. అలాంటి కాలం దాటి వచ్చిన సూపు కాబట్టే ఒక చెంచా ముందుగా దానికోసమే తాగాలని నేనూ అంటాను. తరువాత మీ ఇష్టం.

నీలిమేఘం

మొన్న అందరం వెళ్లాం. చికెన్ ఫోకు సూపు వేరుగా కాస్తారా అని అడిగాను. వేరే కుండలో కాస్తామని, కావాలంటే చూడవచ్చని వంటవారే బయటికి వచ్చి చెప్పారు. ఆ మాటకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. నేను హు తియు పొడిగా తెప్పించుకున్నాను, ఎర్రమందారం గారి వర్ణనలో అతిశయోక్తి లేదు. మా మిత్రుల్లో ఇద్దరు సాసర్ అడిగి తెప్పించుకున్నారు, మూడో ఆయన మాత్రం సీసా వదల్లేదు. ఇక ఆయన్ను ఏమీ అనను. చివరి ప్రశ్న ఒకటి ఉంది. మా అమ్మగారు అంత దూరం రాలేరు. ఆమె కోసం ఫో ఇంటికి తెస్తే నూడుల్స్ ముద్దయిపోతున్నాయి. ఏం చేయాలి?

సైగాన్_సాయంత్రం

సూపు, నూడుల్స్, మాంసం, ఆకులు విడివిడిగా కట్టమని అడగండి. ఇంటికి రాగానే సూపును బాగా మరిగించండి. నూడుల్స్‌ను వేరే గిన్నెలో మరిగే నీళ్లలో ముంచి, విడిపోగానే తీసి, నీళ్లు పూర్తిగా విదిలించండి. మైక్రోవేవ్‌లో పెడితే అతుక్కుపోతాయి.

పాకశాల_73

పింగాణీ గిన్నెను కూడా ముందుగా వేడినీళ్లతో కడగండి. చల్లని గిన్నె సూపు వేడిని పీల్చేస్తుంది. అమ్మగారికి పళ్ల ఇబ్బంది ఉంటే నూడుల్స్‌ను కత్తెరతో చిన్నవిగా కత్తిరించి ఇవ్వండి, చికెన్‌ను పీచులుగా తీయండి. ఉల్లికాడలు మాత్రం సూపు పోసే ముందు వేయండి.